అరిసాకా మళ్ళీ పేలాలంటే

పాత జపాన్ రైఫిల్ చేతికొస్తే అమెరికాలో ఎవరైనా ముందు చూసేది పువ్వు కోసమే. బ్యారెల్ మర వచ్చి బిగుసుకునే ఉక్కు కంకణం మీద, తూటా కూర్చునే గదికి సరిగ్గా పైన, పదహారు రేకుల చామంతి ఉంటుంది. అది చక్రవర్తి ముద్ర. జపాన్ లొంగిపోయాక అప్పగించిన తుపాకుల మీద ఆ పువ్వుని ఆకురాయితోనో ఉలితోనో గీకేశారు, యుద్ధభూమిలో దొరికినవాటి మీద మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే పువ్వు చెక్కుచెదరని తుపాకికి ఇవాళ ధర ఎక్కువ. చెక్కుచెదరలేదంటే దాన్ని ఎవరూ అప్పగించలేదని, పట్టుకున్న మనిషి బహుశా దాని పక్కనే పడిపోయాడని అర్థం, కానీ బేరమాడేటప్పుడు ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఆ పువ్వు ముద్ర వెంట వెళ్ళిన సైన్యం చైనాలో, ఫిలిప్పీన్స్‌లో ఏం చేసిందో తెలిసిన నాకు కూడా దాన్ని బొటనవేలితో తడిమి చూడాలనిపించింది. ఎందుకనిపించిందంటే చెప్పలేను.

నేను తడిమింది టైప్ 99 అరిసాకా. మా ఆఫీసులో ఒక కుర్రాడు తాతగారు పసిఫిక్ నుంచి తెచ్చుకున్నదని అటక మీంచి దించి, పేల్చొచ్చా కూడదా తేల్చుకుందామని మా ఊరి తుపాకుల మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తుంటే వెంట వెళ్ళాను. పెన్సిల్వేనియాలో చిన్న ఊరు, పెద్దాయన ఇంటి కింది గదే దుకాణం. మెట్లు దిగుతుంటేనే అవిసె నూనె వాసన, ఉక్కు తొలిచేటప్పుడు వాడే నూనె వాసన, వాటి మీదుగా కిరసనాయిలులో మగ్గిన అరటిపండు కలిపినట్టుండే, గొట్టాలు శుభ్రం చేసే హాప్స్ ద్రావకం ఘాటు. గోడకి ఆకురాళ్ళు, పాత కాఫీ డబ్బాల్లో మరలు, సిగార్ పెట్టెల్లో ఏ దేశానివో స్ప్రింగులు, మూలన వంటింట్లోంచి రిటైరైన ఒక పొయ్యి, ఎప్పటిదో క్యాలెండరు. ఆయన బాగా కుర్రాడుగా ఉన్నప్పుడు ఇలాంటి రైఫిళ్ళని హార్డ్‌వేర్ షాపుల్లో చీపురుకట్టల్లా పీపాల్లో నిలబెట్టి అమ్మేవారట. పత్రికలో కూపన్ కత్తిరించి పంపిస్తే పోస్టులో ఇంటికే వచ్చేవి. 1963లో కెన్నెడీని చంపిన ఇటలీ రైఫిల్ కూడా అలా పోస్టులో వచ్చిందే. 1968 చట్టంతో ఆ దారి మూసుకుపోయింది, మూసుకుపోవడమే మంచిదయింది. ఆ రోజుల్లో చౌకగా వచ్చిన తుపాకిని రంపంతో కోసి, చెక్క చెక్కి, జింకల వేటకి అనువుగా మార్చేసుకున్నవాళ్ళకి దాని మీద గౌరవమూ లేదు, దాన్ని కొలిచి చూసుకునే ఓపికా లేదు.

జపాన్ తుపాకి పేలిస్తే మొహం మీద పగులుతుందని యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో ఒక నమ్మకం ఉండేది. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. పి.ఓ. ఆక్లీ అనే తుపాకుల నిపుణుడు రకరకాల సైనిక రైఫిళ్ళలో మందు పెంచుకుంటూ పోయి ఏది ఎక్కడ తెగుతుందో చూశాడు. అమెరికావి, ఇంగ్లండ్‌వి, జర్మనీవి ఒక్కొక్కటీ చేతులెత్తేశాక కూడా 1905 నాటి టైప్ 38 అరిసాకా నిలబడింది. అరిసాకా నరియాకిరా గీసిన నమూనాని నాంబు కిజిరో సరళం చేశాడు, పనిముట్టు లేకుండానే బోల్టు విప్పి లోపలి సూదిని చేతిలోకి తీసుకోవచ్చు. అయితే బడిపిల్లల కవాతుకని ఉత్తుత్తి తూటాల కోసం పోత ఇనుముతో చేసిన తుపాకులు కొన్ని ఉండేవి. చూడ్డానికి అచ్చం అవే, గొట్టంలో మాత్రం గాడులుండవు. వాటిలో అసలు తూటా వేసినవాళ్ళే ఆ నమ్మకాన్ని పుట్టించి ఉంటారు. 1944, 45 నాటికి వచ్చిన చివరి కాన్పు రైఫిళ్ళు ఇంకోరకం. మడమకి ఇనుప రేకు బదులు చెక్క ముక్క, గొట్టం లోపల క్రోమ్ పూత లేదు, దూరాన్నిబట్టి జరుపుకునే గురి లేదు, ఉక్కు మీద ఆకురాయి గీతలు గీతలుగానే ఉండిపోయాయి. అవే కార్ఖానాలు కొన్నేళ్ళ ముందు టైప్ 99లకి విమానాల్ని కొట్టడానికని గురికి రెక్కలు, ఆనించుకోవడానికి తీగ కాలు, బోల్టు మీద మట్టి పడకుండా జారే రేకు మూత పెట్టి పంపాయి. నడుస్తుంటే ఆ మూత గలగలమని చప్పుడు చేస్తుందని సైనికులు చాలామంది పీకి పారేశారు. మా కుర్రాడి రైఫిల్‌కి మూత లేదు, తీగ కాలు మిగిలింది.

పెద్దాయన తొందరపడలేదు. ముందు గాడులున్నాయో లేదో చూశాడు. బోల్టు మీది అంకెలు, తుపాకి మీది అంకెలు కలుస్తున్నాయా చూశాడు. వెనక ఉన్న గరుకు గుండీని అరచేత్తో లోపలికి నొక్కి తిప్పి, అది ట్రిగ్గర్‌ని నిజంగా ఆపుతోందా అని నొక్కి చూశాడు. చెక్కని పూర్తిగా విప్పి, లక్క పూత కింద పగుళ్ళకోసం వేలిగోటితో నడిచాడు. గొట్టంలో డెబ్బై ఏళ్ళ నాటి జిడ్డుని గుడ్డ పీలికలతో లాగి, వెలుగు పెట్టి చూసి, మెత్తటి సీసం ముద్దని కర్రతో గొట్టం గుండా తోసి బయటికొచ్చినదాని లావు కొలిచాడు. ఆ తర్వాత కొలత దిమ్మలు. సూదీ, తూటాని లాగే కొక్కెమూ తీసేసిన బోల్టుని ఒక దిమ్మ మీద మూసి చూస్తే మూసుకోవాలి, దానికంటే పిసరు పొడుగున్న ఇంకో దిమ్మ మీద మూసుకోకూడదు. మూసుకుందంటే తూటా వెనక సందు ఎక్కువుందన్నమాట, పేలినప్పుడు ఇత్తడి తొడుగు సాగి తెగి, మంట వెనక్కి వస్తుంది. మోటు చేతులు, కానీ బోల్టుని చిటికెన వేలి బరువుతో మాత్రమే దించేవాడు. బలంగా తోస్తే ఏ తుపాకైనా ఏ దిమ్మ మీదైనా మూసుకుంటుందని ఆయన మాట.

ఆయన్ని ఎక్కువ భయపెట్టింది జపాన్ వాళ్ళు చేసిన పని కాదు, తర్వాత అమెరికాలో ఎవరేం చేశారో తెలియకపోవడం. జపాన్ తూటాలు దొరక్క, అప్పట్లో చాలామంది గదిని తొలిచి ఇక్కడి తూటాకి సరిపోయేలా మార్చుకున్నారు. టైప్ 99లు కొన్నిటిని కొరియా యుద్ధ కాలంలో అమెరికా సైన్యమే తన .30-06 తూటాకి మార్చింది. టైప్ 38కి ఉండే ఆరున్నర మిల్లీమీటర్ల గొట్టం అలాగే ఉంచి గదిని మాత్రం .30-06కి తొలిపించి, లావుపాటి గుండుని ఆ సన్నటి గొట్టంలోంచి పేలుస్తూ వేటాడినాయన కథ యాభైల చివర తుపాకుల పత్రికలో వచ్చింది. తుపాకి తట్టుకుంది, మనిషి భుజమే గట్టిగా తన్నుతోందని ఫిర్యాదు చేశాడు. అలాంటి మార్పు జరిగిందీ లేనిదీ పైనుంచి చూస్తే తెలియదు. గది అచ్చు తీయాలి. దానికి వేడినీళ్ళ వేడికే కరిగే లోహం అమ్ముతారు, పెద్దాయన మాత్రం పాత పద్ధతిలో గంధకంలో దీపపు మసి కలిపి కరిగించి పోశాడు. ఆ ఘాటుకి ఒక్క క్షణం కళ్ళు మండి, దీపావళి మర్నాటి వీధి గుర్తొచ్చింది. చల్లారాక బయటికొచ్చిన నల్లటి అచ్చు టైప్ 99 అసలు 7.7 తూటా ఆకారానికి సరిపోయింది. ఎవరూ వేలు పెట్టలేదు.

తుపాకి పక్కన నాలుగు వలయాలు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు చిన్న గుర్తు ఉంది, ఫిరంగి గుళ్ళ కుప్పని పైనుంచి చూసినట్టు. అది కోకురా ఆయుధ కార్ఖానా గుర్తు. మొదట టోక్యోలో కోయిషికావాది. 1923 భూకంపంలో ఆ కార్ఖానా దెబ్బతిన్నాక పని క్రమంగా కోకురాకి తరలింది, టోక్యోలో పాత స్థలం చుట్టుపక్కల ఇప్పుడు బేస్‌బాల్ ఆడతారు. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబుతో బయల్దేరిన విమానానికి మొదటి గురి నాగసాకి కాదు, ఈ కోకురా కార్ఖానాయే. పొగా మబ్బూ కమ్మి గురి కనపడక ముందుకెళ్ళిపోయింది. కార్ఖానా ఉన్న చోట ఇప్పుడు పార్కు ఉంది. నా చేతిలోని ఉక్కుని నునుపు చేసినవాళ్ళెవరో ఆ మబ్బు చలవ వల్ల ముసలివాళ్ళై ఉండొచ్చు, వాళ్ళకి బదులు ఇంకో ఊరు పోయింది.

మా ఇళ్ళల్లో జపాన్ అనే మాట ముందు వినపడింది ఆకాశంలోంచి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి, మద్రాసు సగం ఖాళీ అయింది. అంతకు నెల ముందు రంగూన్ పడిపోతే, అక్కడి రేవులో బస్తాలు మోసే తెలుగు కూలీలు ఎంతోమంది అరకాన్ కొండల్లోంచి నడిచొచ్చారు, దారిలో కొందరు కలరాకి పోయారు. ఆ దారిలో వెనక తరుముకొచ్చిన సైన్యం చేతుల్లో ఉన్నవి ఈ జాతి తుపాకులే. అంత దగ్గరగా పట్టుకోవడానికి పెన్సిల్వేనియా దాకా రావాల్సొచ్చింది.

మొదటి తూటా ఎవరూ భుజానికి ఆనించి పేల్చలేదు. తుపాకిని పాత లారీ టైరుకి కట్టేసి, ట్రిగ్గర్‌కి తాడు కట్టి, మట్టిదిబ్బ వెనకనుంచి లాగారు. వచ్చిన ఖాళీ తొడుగుని పెద్దాయన వెలుగులో తిప్పి, అడుగు దగ్గర మెరిసే వలయం ఉందా, ప్రైమర్ చిల్లు పడిందా అని చూసి, తలూపి కుర్రాడి చేతికిచ్చాడు. రెండోది కుర్రాడు పేల్చాడు, మూడోది నేను. అనుకున్నంత తన్నలేదు. కాల్చింది స్వీడన్ నుంచి వచ్చే నోర్మా కంపెనీ కొత్త తూటాలు, తుప్పు పట్టించే ప్రైమర్లు కావు, కడగక్కర్లేదు. ఆయన మాత్రం పాత తూటాల కాలం అలవాటుతో ఆ మూలనున్న పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి గొట్టంలో పోశాడు. టీకి వాడే కెటిల్‌ని ఈ పనికి వాడుతున్నాడని భార్యతో ఎప్పుడో గొడవైతే ఆవిడ దీనికి విడిగా ఒకటి కొని, మూత మీద ఎర్ర రంగు పూసి పెట్టిందట. ఆయన పోయాక ఇంటి ముందు పెట్టిన అమ్మకంలో కొలత దిమ్మలకి ముగ్గురు పోటీపడ్డారు. కెటిల్‌ని మాత్రం ఎవరో గృహిణి డాలరుకి కొనుక్కెళ్ళింది. ఆ ఎర్ర రంగు ఎందుకని ఆవిడ అడిగినట్టు లేదు.