లక్డీకాపూల్ నుంచి గుల్‌మార్గ్‌కి: గట్టి మంచు మీద సన్న స్కీ

లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన. కట్టె పేరులో మాత్రమే మిగిలింది. నాంపల్లి నుంచి బేగంపేట వైపు పోయే రైలు పట్టాలు, రోడ్డు నిండా బస్సులు, ఆటోలు, 2018 సెప్టెంబర్ నుంచి తలల మీదుగా మెట్రో. ఇక్కడ మంచు అంటే చెరుకు రసం బండి మీద ఐసు ముక్కే!

అయినా స్కీ గురించి చెప్పుకోడానికి ఇది మంచి చోటు. ఎందుకంటే స్కీ కూడా ఓ లక్డీ కా పుల్లే. ఒక కార్వింగ్ స్కీని గచ్చు మీద పెట్టి చూడండి. రెండు కొసలు నేలకి తగులుతాయి, మధ్య భాగం చిన్న వంతెనలా పైకి లేచి ఉంటుంది. దాన్ని క్యాంబర్ అంటారు. మంచి స్కీల లోపల ఇప్పటికీ చెక్కే ఉంటుంది. దాని చుట్టూ ఫైబర్, కొన్నింట్లో లోహపు రేకు, అడుగున రెండు వైపులా ఉక్కు అంచులు. మీరెక్కి నిలబడితే వంతెన చదునవుతుంది. బరువు కాళ్ల కిందే ఆగిపోకుండా కొసల దాకా పాకుతుంది. అందుకే అంచు పొడుగంతా మంచుని పట్టుకుంటుంది.

నడుము మీ ఫోనంత

పైనుంచి చూస్తే స్కీది ఢమరుకం ఆకారం. ముందు, వెనక వెడల్పు, మధ్యలో సన్నం. గట్టి మంచు కోసం చేసిన కార్వింగ్ స్కీ నడుము సుమారు 65 నుంచి 80 మిల్లీమీటర్లు. మీ చేతిలో ఉన్న ఫోన్ వెడల్పు కూడా దాదాపు అంతే. లోతైన పొడి మంచు కోసం చేసే స్కీల నడుము 100 దాటుతుంది.

ఈ ఆకారం ఊరికే రాలేదు. 1990ల మొదటి దాకా స్కీలు పొడుగ్గా, దాదాపు తిన్నగా ఉండేవి. స్లొవేనియాకి చెందిన ఎలాన్ కంపెనీ 1993లో నడుము బాగా తగ్గించిన ఎస్‌సీఎక్స్ స్కీని మార్కెట్లోకి తెచ్చింది. కొన్నేళ్లలోనే మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

పని చేసే తీరు సింపుల్. స్కీని పక్కకి వంచితే ముందు రెండు కొసలు మంచుని తాకుతాయి. మీ బరువు మధ్య భాగాన్ని కిందికి నొక్కుతుంది. స్కీ విల్లులా వంగుతుంది, ఆ వంపు వెంటే మిమ్మల్ని తిప్పుతుంది. ఎంత వంచితే అంత చిన్న మలుపు. సరిగ్గా కార్వ్ చేస్తే వెనక రెండు సన్న గీతలే మిగులుతాయి, అచ్చం లక్డీకాపూల్ కింద వంపు తిరిగే పట్టాల్లాగే. మంచు మీద వెడల్పుగా గీరుకుపోయిన మరక కనిపిస్తే మీరు కార్వ్ చేయలేదు, జారారు అని అర్థం.

సన్నగా ఉంటే పట్టు తగ్గదా?

చాలామందికి వచ్చే డౌటే ఇది. మెత్తటి మంచులో నిజమే, సన్న స్కీ దిగబడిపోతుంది. కానీ రాత్రి పూట యంత్రాలతో నొక్కి, చదును చేసి, చలికి బిగుసుకున్న మంచులోకి ఏ స్కీ దిగదు. అక్కడ పని చేసేది అంచు ఒక్కటే. సన్న స్కీ అంచు మీ పాదం కిందే ఉంటుంది, బరువు నేరుగా దాని మీద పడుతుంది. వెడల్పు స్కీ అంచు పాదానికి దూరంగా ఉంటుంది కాబట్టి ప్రతి మలుపులోనూ స్కీ వెనక్కి చదునవ్వాలని చూస్తుంది. దాన్ని ఆపే భారమంతా చీలమండ మీద, మోకాలి మీద. పైగా సన్న స్కీని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మార్చడం చాలా త్వరగా అవుతుంది.

మరి గుల్‌మార్గ్‌లో?

శ్రీనగర్ నుంచి టంగ్‌మార్గ్ మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. ఊరు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. గొండోలా రెండో దశ అఫర్వాట్ మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు తీసుకెళ్తుంది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఒకే ఒక్కడిగా వెళ్లి, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచిన ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతం వాడే.

ఇక్కడ రెండు రకాల మంచు ఉంటుంది. పైన అఫర్వాట్ మీద లోతైన పొడి మంచు, అవలాంచ్ ప్రమాదం. అది అనుభవం ఉన్నవాళ్లు గైడ్‌తో వెళ్లే చోటు, వెడల్పు స్కీల రాజ్యం. కింద జనం తొక్కీ తొక్కీ గట్టిపడిన నేర్చుకునే వాలులు. హైదరాబాద్ నుంచి నాలుగు రోజులు లీవ్ పెట్టి వెళ్లేవాళ్లకి పని ఈ కింది వాలులతోనే. అద్దె షాపులో చేతికందింది తీసుకుంటే సగం రోజు పడటం, లేవటంతోనే సరిపోతుంది. మోకాలు మెలి తిరిగితే ట్రిప్పే కాదు, ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి బాధే.

అందుకే షాపులో ఇవి చూడండి:

• స్కీ మీద 121-68-105 లాంటి మూడు అంకెలు ఉంటాయి. మధ్యది నడుము. కింది వాలులకి 80 లోపు అడగండి.

• గోరుని అంచుకి అడ్డంగా మెల్లగా గీయండి. కొంచెం గోరు పొడి రాలితే పదును ఉన్నట్టు. లేకపోతే "భాయ్, ధార్ నహీఁ హై" అని చెప్పి మార్పించుకోండి. పదును పోయిన అంచుతో ఏ నడుమైనా ఒకటే, జారుడే.

• కొత్తవాళ్లకి స్కీ పొడుగు గడ్డం దాకా ఉంటే చాలు.

• బైండింగ్ మీ బరువుకి తగ్గట్టు సెట్ చేయించుకోండి. పడినప్పుడు బూటు ఊడి రావాలి. మోకాలిని కాపాడేది అదే.

మొదటి రోజే కార్వింగ్ రాదు. ముందు స్కీల ముందు కొసలు దగ్గర చేసి, పిజ్జా ముక్క ఆకారంలో ఆగడం నేర్చుకోవాలి. ఆగడం వచ్చాకే మలుపులు.

ఇంకో మాట. పొద్దున మంచు గట్టిగా ఉంటుంది, సన్న స్కీకి అదే టైమ్. ఎండెక్కితే అదే వాలు మెత్తబడి ముద్దలు ముద్దలవుతుంది, కాళ్లూ అలిసిపోతాయి. అప్పుడు ఇంకో రౌండ్ కోసం మొండికేయకుండా స్కీలు విప్పేసి, వేడివేడి కహ్వా తాగండి.