పెంక వేడి ఆరకముందే

సద్దుల బతుకమ్మను సాగనంపిన రాత్రే పాలమూరులో చలికాలపు తీపి మొదలవుతుంది. చెరువుగట్టు మీద ఆడవాళ్లు గిన్నెల మూతలు తీస్తారు. నువ్వుల సద్ది, పల్లి సద్ది, వాటి పక్కన మలీద ముద్దలు. ఒకరి గిన్నెలోది ఇంకొకరి నోట్లో పెట్టుకుంటారు. పీర్ల పండుగ ఏ కాలంలో వచ్చినా అక్కడా మలీదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో బతుకమ్మకూ పీర్లకూ ఒకే తీపి నడిచింది.

మలీదకు కావలసినవి మూడే: రొట్టె, బెల్లం, నెయ్యి. కిటుకంతా వేడిలో ఉంది. జొన్నపిండికి గోధుమపిండి సాగుడు లేదు. అందుకే మసిలే నీళ్లు పోసి కలిపి, అరచేత్తో తట్టి తట్టి రొట్టె చేస్తారు. పెంక మీద వేశాక పైన తడిచెయ్యి రాసి, తిప్పి, నిప్పుల మీద పొంగిస్తారు. ఆ రొట్టెను వేళ్లు కాలుతుండగానే చిదమాలి. అప్పుడే బెల్లం కరిగి రొట్టెలోకి దిగుతుంది, నెయ్యి రెంటినీ పట్టి ముద్ద కడుతుంది. రొట్టె ఆరిపోయిందా, పొడి పొడిగానే ఉంటుంది, బెల్లం బెల్లంగానే ఉంటుంది. రాజస్థాన్‌లో సజ్జరొట్టెతో చేసే చూర్మాదీ ఇదే పద్ధతి. వాన తక్కువ పడే నేలలు రెండూ చలికి ఒకే రుచిని కనిపెట్టుకున్నాయి.

మన నేల మీద మంచి తీపి అంగట్లో దొరికేది కాదు. దానికి పొయ్యి ముందు ఒకరు కూర్చోవాలి, తినేవాళ్లు చేతికందే దూరంలో ఉండాలి. సజ్జపిండినే చూడండి. సజ్జగింజ అంకురంలో కొవ్వు ఎక్కువ. విసిరిన కొద్దిరోజులకే పిండి చేదెక్కుతుంది. అందుకని ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా విసురుకునేవాళ్లు. భోగినాడు ఆ తాజా పిండికే నువ్వులద్ది రొట్టెలు చేసి, చేతికందిన కూరగాయలన్నీ వేసి వండిన కలెగూరతో తింటారు. మిగిలిన ఒకటి రెండు రొట్టెల్లో పిల్లల కోసం బెల్లం, నెయ్యి పడతాయి.

నువ్వుల ముద్దలకు పాకం కూడా అక్కర్లేదు. నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, బెల్లంతో కలిపి రోట్లో దంచితే చాలు. గింజ బరువులో సగం దాకా నూనే కాబట్టి, అది బయటికొచ్చి తనంత తానే ముద్ద కడుతుంది. పల్లి ముద్దలకు మాత్రం పాకం తెలియాలి. చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి, ఆ ఉండను పళ్లెం మీద వేస్తే టంగుమనాలి.

పల్లికి ఈ చెల్క నేలలు పుట్టినిల్లులాంటివి. దసరాకు అటూ ఇటుగా విత్తిన యాసంగి పల్లి సంక్రాంతి నుంచి పీకుడుకు వస్తుంది. పచ్చికాయను ఉప్పేసి ఉడకబెట్టి, సాయంత్రం వాకిట్లో చుట్టూ కూర్చొని ఒలుచుకోవడం ఇక్కడి చలికాలపు సుఖం. నల్లరేగడిలో అప్పటికి జొన్నకంకి పాలు పోసుకొని ఉంటుంది. దాన్ని చేలోనే కాల్చి, గోనెసంచి మీద నలిపి, పొట్టు ఊది, వేడి వేడి ఊసబియ్యాన్ని బెల్లం ముక్కతో నోట్లో వేసుకుంటే అంతకు మించిన మిఠాయి నేనెరగను. అదీ చేనుగట్టున తినాల్సిందే. ఇంటికి తెచ్చేసరికి గింజ బిగుస్తుంది.

తాగేవాటిదీ ఇదే సంగతి. తైద, అంటే రాగి పిండిని చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మసిలే ఎసట్లో పోసి, గరిటె ఆపకుండా తిప్పితే జావ. దించేముందు బెల్లం, చిటికెడు శొంఠి. 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బరువు ఆవుపాలలో ఉండేది సుమారు మూడో వంతు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడే తెలంగాణ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ పోయడం మొదలైంది. ఇంట్లో మానేసినదాన్ని బడి గుర్తు చేసింది.

జలుబు చేస్తే మిరియాల పాలు, పొలానికి పోయేముందు అల్లం చాయ్. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఇళ్లలో నల్లమల తేనె ఉంటుంది. చెంచులు తాళ్లు కట్టుకొని కొండ చరియల మీంచి దిగి, ప్రాణాలకు తెగించి తీసే తేనె అది. పాలు గోరువెచ్చనయ్యాక కలపండి, దాని వాసన నిలుస్తుంది.

జనం ఏం తిన్నారో, ఏం కట్టారో, ఏ ఆటలాడారో అదే చరిత్ర అని నమ్మి రాసిన మనిషి ఈ గడ్డ మీదే పుట్టాడు. 1896లో గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి ఆయన. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే వచ్చింది. అలాంటి మనిషి ఊళ్లలోనే పెంక మీది తీపి మరుగున పడుతుంటే మనసు ఊరుకోదు.

జూరాల కాలువల నీళ్లు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక పంటలు మారాయి: వరి పెరిగింది, గద్వాల నడిగడ్డ విత్తనపత్తికి పేరు పడింది. పాలమూరు లేబర్ అనే పేరుతో దేశమంతా డ్యాములు కట్టడానికి వలసపోయిన జనానికి సొంత చేనుకు నీళ్లు రావడం కంటే పండుగ ఏముంది? ఆ నీళ్లు ఇంకా రావాలి. దాంతోపాటే ఎకరంలో ఓ మూలైనా జొన్న, సజ్జ, తైద నిలవాలి. చేలో లేని పంట పెంక మీదికి రాదు.

ఇంకొక మాట. రొట్టె తట్టే పని అమ్మ ఒక్కదాని మీదే పడినన్నాళ్లూ ఈ వంటలకు ఆయుష్షు లేదు. పొయ్యి ముందు కూర్చొని ఆమె తట్టుతుంటే మిగతావాళ్లు పీటలేసుకొని తినడం చాలాకాలం నడిచింది, ఇక చాలు. ఈ చలికాలం తెలిసిన రైతు దగ్గర రెండు కిలోల సజ్జలు కొనండి, కొద్దికొద్దిగా పిండి పట్టించండి. మొదటి రొట్టె నాన్న తట్టాలి, బెల్లం పిల్లలు తురమాలి, మొదటి ముద్ద అమ్మ తినాలి.