గుణమూ ధనుస్సూ

‘గుణం’ అనే పదానికి శీలమనే కాక వింటినారి అనే అర్థం కూడ ఉన్నది. ఉర్దూలో ఆ నారినే ‘చిల్లా’ అంటారు. ఈ రెండు భాషల నడుమ పెరిగిన మాకు ఇట్టి మాటలపై మక్కువ ఎక్కువ. ఒకనాడు మేము సీతాస్వయంవర ఘట్టం బోధిస్తుండగా ఒక విద్యార్థి, “నారి విల్లంత పొడవే ఉంటుందా, సార్?” అని ప్రశ్నించాడు. మంచి ప్రశ్న.

నారి విల్లంత పొడవు ఉండరాదు. ఉంటే విల్లు వంగదు. వంగని విల్లు వట్టి కర్రయే. 68 అంగుళాల ఇంగ్లీషు విల్లుకు సుమారు 65 అంగుళాల నారి సరిపోతుంది. కొనలు ఎదురువంపు తిరిగిన విల్లుకు ఇంకొక అంగుళం తగ్గిస్తారు. ఎక్కుపెట్టిన పిమ్మట పిడికిలి బిగించి, బొటనవ్రేలు నిలిపి, పిడికీ నారికీ గల ఎడమును కొలుస్తారు. అది ఆరేడు అంగుళాలుండాలి. నారి పొడవైతే ఎడము తగ్గి మణికట్టుకు దెబ్బ తగులుతుంది. పొట్టిదైతే బాణం తొడగక మునుపే విల్లు అధికభారం మోస్తుంది. బాణాన్ని నారి తోసే దూరమూ తగ్గుతుంది. స్వల్పభేదాన్ని మెలికలతో సవరించవచ్చు: మెలిపెడితే నారి కురుచనవుతుంది, సడలిస్తే పొడవవుతుంది. కొత్త నారి వాడుకలో కొంత సాగుతుంది కనుక మరల కొలవాలి.

1545లో మునిగి, 1982లో పైకి తీయబడిన ‘మేరీ రోజ్’ అనే ఇంగ్లీషు యుద్ధనౌకకు చెందిన విండ్లు 172 లభించాయి. ఒకే నౌకలోనివైనా వాటి పొడవు ఒకటి కాదు. ఆరడుగులు దాటినవి మొదలు ఏడడుగులకు చేరువైనవి వరకు ఉన్నాయి. ఇట్టి విండ్లకు సంప్రదాయంలో ఒక ఉపాయం కలదు. నారికి ఒక కొన ఉచ్చు, రెండవ కొన జరుపుకోదగిన ముడి. విల్లును బట్టి ముడి జరుగుతుంది.

ఆ ముడి మమ్ము ఆలోచింపజేసింది. ఇంట ఉర్దూ మాట్లాడి, ఇక్కడ తొలిసారి తెలుగు వ్యాసం వ్రాసేవారు మా తరగతిలో ఉన్నారు. వారికీ తక్కినవారికీ ఒకే పాఠం, ఒకే గడువు. నిరుడు ఇద్దరు నడుమనే చదువు మానుకున్నారు. వారు శక్తిహీనులు కారు. నారి వారి కొలతది కాదు.

కళాశాల సంఘ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. తెలుగు కొత్తగా నేర్చేవారికి వారానికి రెండు గంటల ప్రత్యేక బోధనకు అనుమతించండి. ప్రతిఫలమాశించక మేము చెప్పగలము. విద్యార్థులారా, ముడి సవరించడం మా వంతు. వంగి నిలిచే ఓర్పు మీ వంతు.