ఆ గ్లాసులో ఇప్పపువ్వు వాసన

"ఏం వాసన వస్తోందో చెప్పండి" అని అడిగిందామె.

బల్ల చుట్టూ ఎనిమిది మందిమి కూర్చున్నాం. ఒక్కొక్కరి ముందు చిన్న గ్లాసు, అందులో రెండు వేళ్ల ఎత్తు కూడా లేని వైను. అడవితేనెని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఎలా ఉంటుందో ఆ రంగు. ఒకరు ఎండు ఆప్రికాట్ అన్నారు. ఒకరు తేనె అన్నారు. ఇంకొకరు నారింజ తొక్క, కుంకుమపువ్వు అన్నారు. ఆమె ప్రతి మాటకీ తల ఊపి కాగితం మీద రాసుకుంటోంది.

నా వంతు వచ్చింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడే నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో మూలన గంపలో పోసి ఉంచే ఎండు ఇప్పపువ్వు వాసన అది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బయటికి రాలేదు. "తేనె" అని ఊరుకున్నాను.

ఎందుకు చెప్పలేకపోయానో నాకు తెలుసు. ఆరో తరగతిలో హాస్టల్లో చేరినప్పుడు మా అవ్వ వేయించిన ఇప్పపువ్వు గుడ్డలో మూటగట్టి నా ట్రంకుపెట్టెలో పెట్టింది. ఆకలేస్తే గుప్పెడు నోట్లో వేసుకోమంది. ఒకరోజు పెట్టెలు తనిఖీ చేసిన సారు ఆ మూట వాసన చూసి "ఏందిరా ఈ సారా కంపు" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. ఆ ఏడాదంతా నా పేరు 'సారా'. మళ్లీ ఎప్పుడూ ఇప్పపువ్వు తీసుకెళ్లలేదు. అవ్వ మూట కడితే దారిలో పారబోసేవాణ్ణి. ఆ పారబోసిన మూటలే ఆరోజు ఆ బల్ల దగ్గర గుర్తుకొచ్చాయి.

నేను పైచదువుకి ఫ్రాన్సు వెళ్లింది మొక్కల తెగుళ్ల గురించి చదువుకోడానికి. బోర్డో నగరానికి ఆగ్నేయంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో సోటెర్న్ అనే ప్రాంతం ఉంది. సోటెర్న్, బర్సాక్, బోమ్, ఫార్గ్, ప్రెన్యాక్ అనే ఐదు ఊళ్ల తోటల నుంచి వచ్చే తీపి వైనుకి ఆ పేరు. మా తరగతిని అక్కడికి తీసుకెళ్లింది తాగించడానికి కాదు, ఒక బూజుని చూపించడానికి.

ఆ బూజు పేరు బోట్రైటిస్. ఆముదం వేసే మన రైతులకి దాని చుట్టం బాగా తెలుసు. వాన ముసురు పట్టినప్పుడు ఆముదం గెలల మీద బూడిదరంగు బూజు కమ్మి కాయలు కుళ్లిపోతాయే, అదీ ఇలాంటి బూజే. అందుకే ఆ తోటలో బూజు పట్టిన ద్రాక్షగుత్తిని చూడగానే నేను "మందు కొట్టలేదా?" అని అడిగాను. తోటవాళ్లు నవ్వారు. వాళ్లు ఏడాదంతా ఎదురుచూసేది దానికోసమేనట.

సంగతి ఏమిటంటే, ఆ పక్కన సిరోన్ అనే చిన్న ఏరు ఉంది. దాని నీళ్లు చల్లన. అది వెళ్లి గరోన్ నదిలో కలుస్తుంది. ఆ నీళ్లు కాస్త వెచ్చన. శరదృతువులో రెండూ కలిసే చోట తెల్లవారుజామున దట్టంగా పొగమంచు లేస్తుంది. ఆ తేమకి బూజు పుడుతుంది. మధ్యాహ్నానికి ఎండ కాసి తోట ఆరిపోతుంది. బూజు ద్రాక్ష తొక్కకి కంటికి కనపడని తూట్లు పొడుస్తుంది. ఎండకి ఆ తూట్లలోంచి నీరు ఆవిరైపోతుంది. పండు ముడతలు పడి, లోపల తీపీ పులుపూ వాసనా చిక్కబడతాయి. ఎండ రాకుండా వానే పట్టుకుంటే మాత్రం అదే బూజు తోటనంతా కుళ్లబెడుతుంది. మంచి బూజు, చెడ్డ బూజు అని రెండు లేవు. బూజు ఒకటే, వాతావరణం వేరు.

బూజు అన్ని పండ్లకీ ఒకేసారి పట్టదు. అందుకని గుత్తి మొత్తం కోయరు. సిద్ధమైన పండ్లు మాత్రమే చిన్న కత్తెరతో కోసి, మిగతావి వదిలేసి, కొన్ని రోజులాగి మళ్లీ వస్తారు. ఒక్కో ఏడాది నాలుగైదు సార్లు, ఇంకా ఎక్కువ సార్లు కూడా తిరుగుతారు. కోత నవంబరు దాకా సాగుతుంది. అక్కడి చట్టం ప్రకారం హెక్టారుకి 25 హెక్టోలీటర్లకి, అంటే 2,500 లీటర్లకి మించి తీయకూడదు. షాతో దీకెమ్ అనే పేరుమోసిన తోటలో ఒక తీగకి వచ్చేది దాదాపు ఒక గ్లాసు వైనే అని చెప్తారు. 2012లో పండు బాగా లేదని ఆ తోటవాళ్లు తమ పేరుతో అసలు వైనే విడుదల చేయలేదు.

ఆ కోతలో నేనూ కొన్ని రోజులు కత్తెర పట్టాను. చేయి పండు మీదికి వెళ్లేముందు కన్ను చూడాలి, ముక్కు చూడాలి. ఆ పని నాకు కొత్తగా అనిపించలేదు. ఇప్పచెట్టు కింద మా అవ్వ చేసేది అదే. వేసవి మొదట్లో పువ్వు రాలే రోజుల్లో చీకటుండగానే లేచి, చెట్టు కింద ముందే ఊడ్చి పెట్టుకున్న నేల మీద రాలిన పువ్వుని ఒక్కొక్కటే ఏరేది. ఎండలో ఆరబోసి, రెండు వేళ్ల మధ్య నొక్కి, వాసన చూసి, ఇది దాచడానికి, ఇది ఇవాళ వండుకోడానికి, ఇది పశువులకి అని విడదీసేది. సారా కాచిన రోజున మొదట దిగిన చుక్కల్ని నిప్పుల మీద చల్లి మంట చూసి, ఎంత గట్టిగా ఉందో చెప్పేది. ఏ కొలత గ్లాసూ లేదు. ఆమెని ఎవరూ రుచి నిపుణురాలు అనలేదు.

అక్కడి పద్ధతీ చెప్తాను. గ్లాసుని కాడ దగ్గర పట్టుకుంటారు, చేతి వేడి తగలకుండా. తెల్ల కాగితం మీదికి వంచి రంగు చూస్తారు. కొత్తదైతే పసుపు బంగారం, ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి బెల్లపు పానకం రంగుకి వస్తుంది. కాస్త తిప్పి వాసన చూస్తారు. తర్వాత చెంచాడంత నోట్లోకి తీసుకుని నాలుకంతా తడిపి ఆగుతారు. లీటరుకి 120 నుంచి 150 గ్రాముల దాకా చక్కెర ఉన్నా అది వెగటు పుట్టదు. కారణం పులుపు. చింతపండు పులుసులో బెల్లం ముక్క వేసినట్టు, ఒకటి ఇంకొకదాన్ని పట్టి నిలబెడుతుంది. మింగాక, లేదా పక్కన పెట్టిన పాత్రలో ఉమ్మేశాక, రుచి ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు. చల్లగా, చిన్న గ్లాసులో, తిండితో పాటు తాగుతారు. రోక్‌ఫోర్ అనే ఉప్పటి బూజు జున్నుతో జత కలుపుతారు.

ఇదంతా చూస్తుంటే నాకు ఒక లెక్క తేలలేదు. కుళ్లిన ద్రాక్ష నుంచి తీసిన తీపి గొప్పదెట్లా అయింది? చెట్టు నుంచి తాజాగా రాలిన పువ్వు తీపి కంపెట్లా అయింది?

జవాబు నాలుకలో లేదు, చరిత్రలో ఉంది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకి తరగతులు కట్టినప్పుడు సోటెర్న్, బర్సాక్ తోటలకి గౌరవ స్థానం దక్కింది. 1936లో ఆ పేరు ఆ ఊళ్లవాళ్లకే చెందేలా చట్టం కాపు కాసింది. మరి మనకి? గోదావరి ఏజెన్సీలో కొండవాళ్లు ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద పన్ను వేసి, ఆ హక్కుని మైదానపు గుత్తేదార్లకి కట్టబెట్టారు. 1879లో రంప తిరుగుబాటు రాజుకోడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. బొంబాయి ప్రెసిడెన్సీలోనైతే 1892లో ఇప్పపువ్వు దగ్గర ఉంచుకోవడం మీదే ఆంక్షలు పెడుతూ చట్టం తెచ్చారు. ఒకచోట చట్టం రుచికి కాపలా కాసింది. ఇంకోచోట అదే చట్టం రుచిని నేరం చేసింది. హాస్టల్లో నా మూటని చూసి నవ్వింది ఆ పిల్లలు మాత్రమే కాదు.

ఇది చదివి ఎవరైనా తాగడం గొప్ప అనుకుంటే నేను చెప్పింది అర్థం కానట్టే. మా చిన్నాయన నలభై దాటకుండానే తాగుడుతో పోయాడు. ఆయన తాగింది అవ్వ కాచింది కాదు, సంతలో దొరికే మందు. కానీ ఇంట్లో కాచినదైతే చంపదని నేను అనను. సోటెర్న్ వైనులోనూ 13, 14 శాతం ఆల్కహాలు ఉంటుంది. ఫ్రాన్సులోనూ మద్యం వల్ల ఏటా వేలమంది చనిపోతున్నారు. నేను ఆ బల్ల దగ్గర నేర్చుకున్నది తాగడం కాదు, ఆగడం. వాసన చూసి, పేరు పెట్టి, చాలనుకోవడం. పండక్కి, పెద్దలకి మాత్రమే సారా పోసిన రోజుల్లో మనకీ ఆ ఆగడం తెలుసు. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాలని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభల దాకా తెచ్చింది. అడవి చిన్నతరహా ఉత్పత్తుల మీద యాజమాన్యమూ అందులోనే ఉంది. ఏది ఉంచుకోవాలో, ఏది ఊరి పొలిమేర దాటించాలో తేల్చుకోవాల్సింది మనమే. ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆ తీపికి మత్తు అక్కర్లేదు.

టీచర్లకి ఒక మనవి. ఒక పూట పిల్లల చేత ఇంటి నుంచి వాసనలు తెప్పించండి. ఎండు ఇప్పపువ్వు, తునికి పండు, సారపప్పు, చింతపండు, అడవితేనె. కళ్లు మూసుకుని వాసన చూడమనండి, వాళ్ల భాషలో పేరు చెప్పమనండి, నల్లబల్ల మీద రాయండి. ఎవరూ నవ్వకుండా చూస్తే చాలు. రుచికి మాట దొరికిన పిల్లవాడు మూట పారబోయడు.

ఆరోజు చివర్లో ఆమె పాత వైను ఒకటి పోసింది. ముదురు బెల్లం రంగు. మళ్లీ అడిగింది. ఈసారి చెప్పాను, "ఇప్పపువ్వు." ఆమెకి అర్థం కాలేదు. కాగితం నా వైపు జరిపింది. తెలుగులో రాశాను. అదేం చెట్టు, పువ్వు ఎప్పుడు రాలుతుంది, ఎట్లా ఏరుతారు అని ఒక్కొక్కటే అడిగింది. ఎనిమిది మందీ విన్నారు. ఆమె తన జాబితాలో తేనె పక్కన ఆ మాటని తనకి వచ్చిన అక్షరాల్లో రాసుకుంది.

రాత్రి ఫోనులో అవ్వకి ఇదంతా చెప్పాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"బాగానే ఉంది బిడ్డా. మరి వాళ్లు మొదటి చుక్క పెద్దలకి పోస్తారా, పోయరా?"

పోయడం నేను చూడలేదని చెప్పాను.

"ఈసారి పోతే నువ్వు పోయి" అంది.