కడియం వెళ్తే ఉత్తచేతులతో రాలేరు

రాజమండ్రికి ఏ పెళ్లికో వెళ్లినప్పుడు ఒక్క పూట మిగుల్చుకుని కడియం చూసి రండి. ఊరి నుంచి సుమారు 10 కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. కడియపులంక దగ్గర హైవే పక్కన ఎటు చూసినా నర్సరీలే. గులాబీలు, మందారాలు, క్రోటన్లు... రెండు కళ్లూ చాలవంటే నమ్మండి. పొద్దున్నే వెళ్లండి, ఎండ తగలదు.

నాకైతే అక్కడ సంతోషం కంటే దిగులే ఎక్కువైంది. మాది హైదరాబాదులో అద్దె ఇల్లు. గోడలు చెమ్మెక్కుతాయని ఓనరుగారు కుండీలు పెట్టనివ్వరు. పెరటి మొక్కల మధ్య పెరిగినదాన్ని, ఆరేళ్లుగా ఇంట్లో ఒక్క ఆకు లేకుండా గడిపాను. ఆ మాటే నర్సరీలో పనిచేసే ఒకావిడతో అంటే, "మట్టెందుకండీ, నీళ్లు చాలండి" అంటూ మనీప్లాంటు తీగ నాలుగు ముక్కలు కోసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. "కణుపు మునగాలండి, ఆకు మునక్కూడదండి." అంతే ఆవిడ పాఠం!

కిటుకంతా అందులోనే ఉంది. వేరు పుట్టేది కణుపు దగ్గరే, అందుకని కణుపుకి కాస్త కింద కోయాలి. ఆకు మునిగితే కుళ్లి నీళ్లు వాసనేస్తాయి. కుళాయి నీళ్లు రాత్రంతా మూతలేని గిన్నెలో ఉంచి పోస్తే క్లోరిన్ ఘాటు తగ్గుతుంది. తెల్లసీసాకి వెలుతురు తగిలి పాచి పడుతుంది, రంగుసీసా మేలు. నేను పాత హార్లిక్స్ సీసాకి చీరముక్క చుట్టాను. నేరుగా ఎండ పడని కిటికీలో పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు కనిపించాయి. మా అమ్మాయి రోజూ లెక్కపెట్టేది!

సింగోనియం, కోలియస్ కూడా ఇలాగే వస్తాయి. లక్కీ బాంబూ అని అమ్ముతారే, అది వెదురు కాదండోయ్, డ్రసీనా జాతి మొక్క.

వారానికోసారి నీళ్లు మార్చడానికి మాత్రం బద్ధకించకండి. దసరాకి ఊరెళ్లి పది రోజులకి వచ్చేసరికి మా సీసాలో దోమపిల్లలు ఈదుతున్నాయి! డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచినీళ్లలోనే. గుడ్లు సీసా గోడకి అంటుకుంటాయి కాబట్టి నీళ్లు పారబోస్తే చాలదు, లోపల బ్రష్షుతో రుద్ది కడగాలి. ఊరెళ్లేటప్పుడు సీసా మూతి చుట్టూ దూది కుక్కండి. మనీప్లాంటు ఆకు నమిలితే నోరు మండుతుంది, పసిపిల్లలున్న ఇంట్లో ఎత్తున పెట్టండి.

ఇప్పుడు మా ఇంట్లో ఆరు సీసాలు. మొన్న అద్దె డబ్బుకి వచ్చిన ఓనరుగారి భార్య రెండు ముక్కలు అడిగి మరీ పట్టుకెళ్లారు.