షట్టర్ రూమూ, పొద్దున ఆరింటి మెసేజూ

మా మర్పల్లిలో గ్యారేజ్ అంటే బండ్లు బాగుచేసే షాపే. ఇంట్లో కారు పెట్టుకునే గదిని షట్టర్ రూమ్ అంటాం. మాది అసలు కారు కోసం కట్టింది కాదు, పత్తి, కందులు పోసుకోవడానికి మా మామయ్య కట్టించిన గది. ఇప్పుడందులో కారు, నా స్కూటీ, ఒక మూల ఎరువుల బస్తాలు, ముందు వైపు అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఉంటాయి. ఎదురుగా వేపచెట్టు. సాయంత్రం షట్టర్ ఎత్తితే గాలి వంటింటి దాకా వస్తుంది. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి కూర్చునేదీ అక్కడే. అంటే మా ఇంట్లో అది కార్ల కంటే మనుషుల కోసం ఎక్కువగా తీసే తలుపు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, తర్వాత చెప్పేదంతా ఏదో మిషన్ గొడవలా అనిపిస్తుంది.

రెండేళ్ల కింద మా ఆయనకి భుజం పట్టేసింది. షట్టర్ ఎత్తడం కష్టమైంది. డాలస్ దగ్గర ఉండే మా పెద్దోడు డబ్బు పంపి మోటార్ పెట్టించాడు. దానికో వైఫై డబ్బా. ఫోన్లో నొక్కితే షట్టర్ లేస్తుంది, నొక్కితే దిగుతుంది. యాప్ మా ఆయన ఫోన్లో, నా ఫోన్లో, వాడి ఫోన్లో. బిగించిన అబ్బాయి ‘ఫోనుంది కదా ఆంటీ’ అని బటన్ల పెట్టెని పైన మోటార్ పక్కనే వదిలేశాడు, నిచ్చెన వేసుకుంటే తప్ప అందదు. ఒక రిమోట్ వచ్చింది, అది కారులోనే ఉండిపోయింది. కారు ఎప్పుడూ మా ఆయనతోనే పోతుంది. ఇక అత్తమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. మామయ్య కట్టించిన గది తలుపు తీయాలంటే ఆవిడ నన్ను పిలవాలి. ‘ఓ పిల్లా, జర ఫోన్ల నొక్కవా’ అని రోజుకి నాలుగుసార్లు.

మొదట్లో నేను దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. రోడ్డు పనుల్లో జేసీబీ కేబుల్ తెంపేసి మూడు రోజులు నెట్ పోయినప్పుడు మాత్రం చిరాకేసింది. ఇంట్లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తోంది, యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు తెలిసింది, వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు అని. వైఫై మన ఇంటి నాలుగు గోడల మధ్య మాట. ఇంటర్నెట్ ఊరు దాటి వెళ్ళే దారి. షట్టర్ ముందు నేను, పైన మోటార్, మధ్య పది అడుగులు కూడా లేవు. కానీ నా మాట దానికి చేరాలంటే ముందు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్ దాకా వెళ్ళి, అక్కడినుంచి తిరిగి మా ఇంటికి రావాలి. పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడటానికి హైదరాబాద్ చుట్టాలకి ఫోన్ చేసి చెప్పించినట్టు.

అసలు సంగతి పోయిన ఏప్రిల్లో జరిగింది. చింతపండు రోజులు. అత్తమ్మ, పక్కింటి వదిన, నేను షట్టర్ కింద గాలికి కూర్చుని గింజలు తీస్తున్నాం. అత్తమ్మ కుర్చీ సరిగ్గా షట్టర్ గాడి మధ్యలో ఉంది. నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళానో లేదో, మోటార్ చప్పుడు. ఎవరూ ఏమీ నొక్కలేదు. షట్టర్ దిగుతోంది. వదిన అత్తమ్మ చెయ్యి పట్టుకుని గుంజింది. నేను ఫోన్లో ఆపు నొక్కాను. అది సర్వర్ దాకా వెళ్ళి వచ్చేలోపల ఇనుప షట్టర్ కుర్చీ వీపు మీద కూర్చుంది. కుర్చీ పటపటమని విరిగింది. చింతపండు గిన్నె దొర్లిపోయింది.

వెంటనే ఫోన్ మోగింది. వాడే. ఇక్కడ సాయంత్రం ఆరున్నర, వాడికి పొద్దున ఎనిమిది. ‘అమ్మా, షట్టర్ అరగంట నుంచి తెరిచే ఉందని వచ్చింది. మర్చిపోయిండ్రేమో అనుకొని నేనే మూసిన.’

ఫోన్ స్పీకర్ మీద ఉంది. అత్తమ్మ అందుకుంది. ‘నువ్వు ఆడ కూసొని ఈడ నా నెత్తి మీదికి షట్టర్ దించుతవారా?’

వాడు రెండు రోజులు ఫోన్ చేయలేదు. భయపడ్డాడు.

ఇక్కడో మాట చెప్పాలి. అమెరికాలో ఇలాంటి తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోయాక 1990లో చట్టం చేశారు. 1993 జనవరి 1 తర్వాత తయారైన ఇళ్ళ గ్యారేజ్ ఓపెనర్లన్నిటికీ, మూసుకునేటప్పుడు ఏదైనా అడ్డొస్తే తిరిగి లేచే ఏర్పాటు ఉండాల్సిందే. తలుపు అడుగున అటూ ఇటూ రెండు చిన్న కళ్ళు ఉంటాయి, వాటి మధ్య కనిపించని కిరణం. అది తెగితే తలుపు దిగదు. మన దగ్గర బిగించే షట్టర్ మోటార్లలో చాలావాటికి ఆ కళ్ళు రావు. విడిగా అడిగి పెట్టించుకోవాలి. అడగాలని ఎవరు చెప్తారు? మోటార్ ఎన్ని కిలోలు లాగుతుందో చెప్తారు కానీ.

మూడో రోజు వాడితో మాట్లాడాను. యాప్ తీసేద్దాం, ఇంట్లోవాళ్ళ చేతిలో ఉండేది ఏదైనా చూడు అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, ‘అది తీసేస్తే మీరెట్లున్నరో నాకెట్ల తెలుస్తదమ్మా’ అన్నాడు.

అప్పుడు చెప్పాడు. నేను పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తి వాకిలి ఊడుస్తాను. వాళ్ళకి ఎండాకాలంలో అది ముందురోజు రాత్రి ఏడున్నర. షట్టర్ తెరుచుకున్నట్టు ఫోన్లో రాగానే, అమ్మ లేచింది అనుకుని అన్నానికి కూర్చునేవాడట. రెండేళ్లుగా. నాకు ఒక్కసారీ చెప్పలేదు. రాత్రి పదకొండుకి షట్టర్ ఎందుకు తీశారని వాడు ఫోన్ చేసినప్పుడల్లా నేను విసుక్కునేదాన్ని. మామీద నిఘా ఏందిరా అని కూడా అన్నాను ఒకసారి. ఆ మాట వెనక్కి తీసుకోను, నిఘా నిఘానే. కానీ వాడి అన్నం పళ్ళెం కూడా నాకు కళ్ళముందు కనిపించింది.

తమాషా ఏమిటంటే ఇదే గొడవ వాడి ఇంట్లోనూ అయింది. 2023 చివర్లో వాడి గ్యారేజ్ తలుపు కంపెనీ తను ఒప్పుకోని సాఫ్ట్‌వేర్ ఏదీ తలుపుతో మాట్లాడకుండా దారి మూసేసింది. వాడు ఇంట్లో లైట్లు, తలుపు అన్నీ హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుపుకునేవాడు. 2013లో మొదలైంది అది. మన ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్లో నడుస్తుంది, ఎవరి సర్వర్‌నీ అడగక్కర్లేదు. దాని నుంచి ఒక్క తలుపు తెగిపోయింది. అప్పుడు రాట్‌జీడీఓ అని అరచేతిలో పట్టే బోర్డు తెప్పించి గ్యారేజ్ మోటార్ వైర్లకి తనే కలుపుకున్నాడు. ఆ పేరుకి గ్యారేజ్ ఓపెనర్ మీద కోపం అనే అర్థం వస్తుందట. చేసినాయన ఎంత మండి ఉంటే ఆ పేరు పెట్టి ఉంటాడో. ఆ బోర్డు మోటార్‌తో వైర్ మీదనే దాని భాషలో మాట్లాడుతుంది. కంపెనీ సర్వర్ పనిచేసినా మానినా దానికి సంబంధం లేదు.

ఇంకో సంగతీ వాడే చెప్పాడు. 2017లో గరాడ్జెట్ అనే గ్యారేజ్ పరికరం కొన్న ఒకాయన అమెజాన్‌లో బాగాలేదని రాస్తే, తయారుచేసినాయన కోపమొచ్చి ఆ ఒక్క పరికరానికి సర్వర్ కనెక్షన్ ఆపేశాడు. తర్వాత అంతా గోల చేస్తే తిరిగి ఇచ్చాడనుకోండి. కిరాణా కొట్టాయనతో గొడవైతే మహా అయితే ఉద్దెర ఇవ్వడు. మన ఇంటి తలుపు ఆపలేడు కదా.

‘మరి నీ ఇంట్లో మార్చుకున్నవ్, మా ఇంట్లో ఎందుకు పెట్టినవురా?’ అంటే వాడి దగ్గర జవాబు లేదు.

మా ఆయన మాత్రం దీన్ని పొలం లెక్కలో తేల్చేశాడు. బోరు మోటార్‌కి ఆయన సిమ్ కార్డు స్టార్టర్ పెట్టించుకున్నాడు, ఇంటినుంచి ఫోన్ చేస్తే మోటార్ నడుస్తుంది. ఇదివరకు కరెంటు రాత్రి షిఫ్టుల్లో వచ్చేటప్పుడు అందరివీ ఆటో స్టార్టర్లే. 2018 జనవరి 1 నుంచి పొలాలకి 24 గంటల కరెంటు ఇచ్చి, నీళ్ళు ఊరికే పోతాయని ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు. తర్వాతే ఆయన ఈ సిమ్ స్టార్టర్‌కి మారాడు. ‘సిమ్ల బ్యాలెన్స్ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా పచ్చ బటన్ ఉంటది. పోయి నొక్కుత. గా బటన్ లేని స్టార్టర్ ఎవడన్నా పెట్టుకుంటడా?’ అన్నాడు. అంతే. నాకు కావలసింది పచ్చ బటనే.

వికారాబాద్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. ముందు బటన్ల పెట్టెని కిందికి, నా భుజమంత ఎత్తులో, షట్టర్ మొత్తం కనిపించే చోటికి దింపించాను. కిందికి రెండు కళ్ళ సెన్సర్. రెండు కొత్త రిమోట్లు. రిమోట్లలో రెండు రకాలుంటాయి, ఎప్పుడూ ఒకే కోడ్ పంపేవి, నొక్కిన ప్రతిసారీ కోడ్ మార్చేవి. మొదటి రకాన్ని తాళాలు చేసే షాపులో నకలు తీసేయొచ్చు. అందుకని రోలింగ్ కోడ్ ఉందా అని అడిగి తీసుకోండి. కరెంటు లేనప్పుడు లాగే చైను మోటార్‌తో వచ్చిందే, బస్తాల వెనక పడి ఉంటే బయటికి తీసి నూనె పెట్టించాను.

పాత వైఫై డబ్బా స్థానంలో షెల్లీ వాళ్ళ రిలే పెట్టాం. బల్గేరియా కంపెనీ. దానికి సొంత పేజీ ఉంటుంది, ఇంటి వైఫైలో ఉంటే ఫోన్ బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. కంపెనీ క్లౌడ్‌ని మనమే ఆపేసుకోవచ్చు. నెట్ పోయినా ఇన్వర్టర్ మీద రూటర్ నడుస్తుంటే చాలు. ఎలక్ట్రీషియన్ ఎత్తడం, దించడం రెండూ దానికి కలుపుతానన్నాడు. నేను వద్దన్నాను. ఫోన్‌తో ఎత్తడమే. దించేది ఎదురుగా నిలబడ్డ మనిషి, బటన్‌తోనో రిమోట్‌తోనో. ఆయన రెండుసార్లు మళ్ళీ అడిగాడు, ‘సార్‌ని అడిగి చెప్తారా?’ అని. సార్ అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నారు, తలెత్తలేదు. సెన్సర్‌కీ రిలేకీ కలిపి ఒక మంచి గద్వాల చీరంత కూడా కాలేదు.

ఇక మిగిలింది వాడి అన్నం. షట్టర్ అడుగున అయస్కాంతం సెన్సర్ ఒకటి పెట్టి, వాడు పంపిన చిన్న కంప్యూటర్లో హోమ్ అసిస్టెంట్ వేయించాం. వాడే వీడియో కాల్‌లో కూర్చుని రెండు రాత్రులు సెట్ చేశాడు. ఇప్పుడు పొద్దున మొదటిసారి షట్టర్ లేచినప్పుడు ఒక్క మెసేజ్ వాడికి వెళుతుంది. రోజుకి అదొక్కటే. మధ్యాహ్నం ఎవరొచ్చారు, రాత్రి ఎందుకు తీశాం, ఏదీ వెళ్ళదు. వాడి వైపు నుంచి నొక్కడానికి బటనే లేదు. రాత్రి పదింటికి మూసినట్టు ఇంకో మెసేజ్ పెట్టుకుంటానని బతిమాలాడు. ఆలోచిస్తానన్నాను.

రెండో రిమోట్ అత్తమ్మ కొంగుకి ముడేసుకుంది. కొత్త కుర్చీ గీత దాటి ఒక అడుగు లోపలే వేస్తోంది. సెన్సర్ మీద ఆవిడకి ఇంకా నమ్మకం కుదరలేదు, అప్పుడప్పుడు చీపురు అడ్డం పెట్టి పరీక్ష చేస్తుంది.

మొన్న వానకి మళ్ళీ నెట్ పోయింది, కరెంటు కూడా లేదు. ఆరుంపావుకి ఫోన్. ‘అమ్మా, మెసేజ్ రాలే. లేవలేదా?’ నేను చైను లాగుతున్నాను, సగమే లేచింది. ‘లేచిన్రా, చెయ్యి ఖాళీ లేదు. నువ్వు తిను, నేను చేస్త’ అన్నాను.