ఆయిల్ ఎటు పోతుంది

జనవరి 4, 2025

గేజీ మీద ఆయిల్ మళ్ళ కింది గీతకు దిగింది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచిన. పొద్దున చూస్తే పొడిగనే ఉంది. కారుతలేదు. లోపల్నే కాలుతుంది.

మారుతి 800. 1998 బండి. ఏపీ 15 నంబరు. అప్పుడు మా మెట్‌పల్లి కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు సంది జగిత్యాల జిల్లా.

జనవరి 6

కొలిచే తీరు ఒకటే ఉండాలె. చదునైన జాగ. ఇంజన్ బంద్ చేసినంక పది నిమిషాలు ఆగాలె, పైన ఉన్న ఆయిల్ చాంబర్లకు దిగాలె. గేజీ గుంజి తుడిచి, మళ్ళ పెట్టి తీస్తే కనిపించిందే లెక్క. తుడిచేందుకు పాత తువ్వాల చింపిన. మన ఊరి ఖాదీదే.

నోటుబుక్కుల మూడు గడులు గీసిన. తేదీ. మీటరు. పోసిన ఆయిల్, ఎంఎల్‌లల్ల.

జనవరి 9

ఎవరిని అడిగినా ఒకటే మాట. "బోరుకొచ్చింది సార్. రింగులు ఏసుడే." బానెట్ ఎత్తకముందే.

బోరు అంటే ఇంజన్ దించుడు. బ్లాకును లేత్‌కు పంపుడు. ఓవర్‌సైజు పిస్టన్లు. ఏది పోయిందో తెల్వకుంట అన్నీ మార్చేందుకు మనసొప్పతలేదు.

జనవరి 14

సంక్రాంతి. నిజామాబాద్ కేంద్రంగ పసుపు బోర్డు మొదలైందని టీవీల చెప్పిన్రు. పండుగపూట ఇంట్ల అందరిదీ అదే ముచ్చట.

సాయంత్రం చేన్ల నుంచి నలుగురం, రెండు సంచులతోని వచ్చినం. బరువు మీద గట్టిగ తొక్కిన. అద్దంల చూసుకుంట వచ్చిన. పొగ లేదు.

జనవరి 19

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీల ఫిట్టరు పని చేసిన కాక వచ్చిండు. ఇంజన్ నడుస్తుండంగ ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టిండు. చానసేపు తియ్యలే.

"తన్నుతలేదు" అన్నడు. రింగులు, బోరు బాగ అరిగితే పైన మండిన గాలి కిందికి జొచ్చి ఇక్కడ చేతిని ఎత్తుతదట. ఇన్ని రోజులల్ల బండిని ముట్టి మాట్లాడిన మొదటి మనిషి.

ఇంటికాడ దింపబోతే ఫ్యాక్టరీ దిక్కు పోనియ్యమన్నడు. 2015 డిసెంబరుల మూతపడ్డది. గేటు ముంగట ఆపమన్నడు. దిగలే. "ఇంజన్ బంద్ చెయ్యకు, ఇను" అన్నడు. నేను బండిదే విన్న. ఆయన దేన్ని విన్నడో.

జనవరి 25

పొగ రంగులు. నలుపైతే పెట్రోలు ఎక్కువ పడుతుంది. నీలమైతే ఆయిల్. తెలుపు ఆగకుంట వస్తే నీళ్ళు లోపలికి పోతున్నయి. చలి పొద్దున వచ్చే తెల్ల ఆవిరి వేరు. కాసేపట్ల పోతది.

మాది: రాత్రంత నిలబడి, పొద్దున సెల్ఫ్ కొట్టంగనే ఒక్కసారి నీలం. తర్వాత శుభ్రం. వాల్వు కాడ పొంటి రాత్రి దిగిన ఆయిల్ కావచ్చు.

చేతక్ యాదికొచ్చింది. టూ స్ట్రోక్. పెట్రోలుల ఆయిల్ కలిపి పోసేటోళ్ళం. ఆ పొగ చూసి ఎవరూ భయపడకపోదురు.

ఫిబ్రవరి 2

కోరుట్ల రోడ్డుకు కొత్త షెడ్డు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల చాన ఏండ్లు చేసి వచ్చిన పిల్లగాడు. "లెక్క రాసిన్రా సార్?" అని అడిగిండు. బుక్కు ఇచ్చిన. నిలబడే మొత్తం చదివిండు. సంతోషమైంది.

ప్లగ్గులు విప్పి గుడ్డ మీద వరుసగ పెట్టిండు. ఒకటి, మూడు ఇటుక రంగు. రెండోది నల్లగ, తడిగ.

తర్వాత కంప్రెషన్ గేజి. యాక్సిలేటర్ పూర్తిగ తొక్కి పట్టుమన్నడు. మూడు సిలిండర్లూ దగ్గర దగ్గర్నే ఉన్నయి. ఒక్కొక్క రంధ్రంల చెంచెడు ఆయిల్ పోసి మళ్ళ చూసిండు. అరిగిన రింగులైతే ఆయిల్ ఆ సందు మూస్తది, అంకె లేస్తది. మాది అంతగ లేవలే.

"అయినా రింగులు మంచిగున్నయని అప్పుడే అనలేం" అన్నడు. పిస్టన్‌కు మూడు రింగులు. పైయి రెండు గాలిని ఆపేటివి. కిందిది గోడకున్న ఆయిల్‌ను గీకేది. అదొక్కటే మసి పట్టి బిగుసుకుంటే కంప్రెషన్ మంచిగనే చూపిస్తది. ఆయిల్ కాలుతనే ఉంటది.

గేజి అంకె చూసి సంబురపడనియ్యలే. ఈ పిల్లగాని మీద నమ్మకం కుదిరింది.

ఫిబ్రవరి 4

పెద్ద కంపెనీలకూ తప్పలే. టయోటా 2.4 లీటర్ల ఇంజన్, 2007 నుంచి 2009 దాక మోడల్ క్యామ్రీలల్లది. అమెరికాల చానమంది ఆయిల్ పోతుందని మొత్తుకున్నరు. 1200 మైళ్ళకు ఒక క్వార్ట్ దాటితే కంపెనీయే పిస్టన్లు, రింగులు మార్చి ఇచ్చింది. అంటే 1900 కిలోమీటర్లకు లీటరుకు కొంచెం తక్కువ. అక్కడ కూడ ముందు కొలిచిన్రు, తర్వాతనే విప్పిన్రు.

ఫోక్స్‌వాగన్ వాళ్ళ పుస్తకంల వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాక మామూలే అని ఉంటది. మాది లీటరు దగ్గర.

ఫిబ్రవరి 9

నిర్మల్ పోయినం. అక్కడికెళ్ళి మహబూబ్ ఘాట్. బామ్మర్ది బైకు మీద వెనుక. చూసుడే ఆయన పని.

ఎక్కేటప్పుడు గట్టిగ తొక్కిన. ఏం లేదు. దిగేటప్పుడు రెండో గేరుల ఏసి కాలు తీసేసిన. కిందికి వచ్చినంక యాక్సిలేటర్ ఇయ్యంగనే హారన్ కొట్టుకుంట ముంగటికి వచ్చిండు.

"బావా, నీలం పొగ. మొఖం మీదికే వచ్చింది."

కాలు తీస్తే కార్బొరేటర్ దారి మూసుకుంటది. ఇంజన్ మాత్రం గాలికోసం గుంజుతనే ఉంటది. ఆ గుంజుడుకు వాల్వు కాడల పొంటి ఆయిల్ దిగుతది. రింగులదే తప్పైతే ఎక్కేటప్పుడే కనిపించాలె. ఎక్కేటప్పుడు లేదు, పొద్దున ఉంది, దిగినంక ఉంది. మూడూ ఆ కాడల మీద ఆయిల్‌ను ఆపే వాల్వ్ సీల్స్ దిక్కే చూపిస్తున్నయి.

వచ్చేటప్పుడు సోన్ కాడ గోదావరి చూసుకుంట చాయ తాగినం. బామ్మర్ది ఇంక పొగ ముచ్చటే చెప్తుండు.

ఫిబ్రవరి 16

ముందు తక్కువ ఖర్చు పని. షెడ్డు పిల్లగాడు బ్రీదర్ పైపు విప్పి కడిగిండు. లోపల మసి ముద్ద. అది మూసుకుంటే లోపటి ఒత్తిడికి ఆయిల్ వేరే దారి పడుతది. ఇగ కొన్ని రోజులు ఇంకేం ముట్టొద్దు, కొలవాలె అన్నడు. రెండు పనులు ఒక్కసారి చేస్తే ఏది పనిచేసిందో తెల్వదు.

ఫిబ్రవరి 27

కొంచెం తగ్గింది. సరిపోదు.

ఒకాయన వచ్చి బండికి పాత సామాను ధర చెప్పిండు. అమ్మ దవాఖానకు పోయింది, మనుమరాలు పుట్టినంక ఇంటికి వచ్చింది దీంట్లనే. రిజిస్ట్రేషన్ 2028 దాక ఉంది. అమ్మనని చెప్పి పంపిన.

మార్చి 2

సీల్స్ మార్చేందుకు షెడ్డు పిల్లగాడు హెడ్ దించలే. ప్లగ్గు రంధ్రంల నుంచి కంప్రెసర్ గాలి పెట్టిండు. ఆ ఒత్తిడికి వాల్వులు కిందికి జారకుంట నిలబడతయి. స్ప్రింగులు విప్పి సీల్స్ మార్చుకోవచ్చు. మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు, ఆరు సీల్స్.

పాతయి వేలుతోని వంచితే విరిగినయి. ఇన్నేండ్ల వేడికి రబ్బరు ఎండింది. రెండో సిలిండర్లది ఒకటి జాగల నుంచే ఊడి పైకి లేచి ఉంది. తడి ప్లగ్గుకు జవాబు దొరికింది.

ఆఖరు సీల్ షెడ్డుల పని నేర్చుకుంటున్న పోరనితోని కొట్టిచ్చిండు. కాడ కొసకు ప్లాస్టిక్ తొడుగు పెట్టి, ఆయిల్ పూసి, మెల్లగ. లేకుంటే కొత్త సీల్ పెదవి అప్పుడే చినుగుతది. వాని చెయ్యి వణికింది. ఎవరూ ఏమనలే.

మార్చి 8

పొద్దున సెల్ఫ్. వెనుక నిలబడి ఇంట్ల ఆమె చూసింది. నీలం లేదన్నది.

20డబ్ల్యూ-50 ఆయిల్ పొయ్యి, చిక్కగుంటది, ఇంక తక్కువ పోతదని ఒకరు. ఇప్పుడే మార్చితే పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొత్తు కుదరది. 20డబ్ల్యూ-40 మీదనే ఉంట.

ఏప్రిల్ 13

వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు. లీటరు నుంచి పావుకు వచ్చింది. మిగిలింది రింగులదో, అరిగిన వాల్వ్ గైడులదో. ఈ పావు కోసం ఇంజన్ విప్పనియ్య.

బుక్కు అయిపోయింది. కొత్త దాంట్ల నాలుగో గడి గీసిన: రెండో ప్లగ్గు రంగు.